ఇనప మూకుడు తేలుతుందా?

(వయోజన విద్యా కేంద్రంలో అమ్మలతో ఒక టీచరు చెప్పిన మాటలు)



పగలంతా పని చేసి వచ్చారు. కొందరు నాట్ల నుంచి నేరుగా వచ్చారు. కాళ్లకు బురద ఇంకా ఆరలేదు. అందుకని మిమ్మల్ని ఎక్కువసేపు కూచోబెట్టను. ఈ సంచిలో కొన్ని సామాన్లు తెచ్చాను. సంచిలో ఏముందా అని మీ పిల్లలు అప్పుడే చేతులు పెడుతున్నారు. పెట్టనివ్వండి. వాళ్లను కోప్పడకండి. ఇవాళ నేను మాట్లాడబోయేది ఆ చేతుల గురించే.

నాకు ఇరవై నాలుగేళ్లు. టీచర్ ట్రైనింగ్ పాసయ్యాను. మన బడిలో వాలంటీరుగా పాఠాలు చెప్తున్నాను. పిల్లల చదువు బడిలోనే మొదలవుతుందని నేను అనుకునేదాన్ని. అది తప్పని ఒక ఇనప మూకుడు నాకు నేర్పింది. ముందు ఆ సంగతి చెప్తాను. అందులో తప్పు నాదే.

పోయిన ఏడాది రెండో తరగతికి పాఠం చెప్తున్నాను. నీళ్లలో ఏవి మునుగుతాయి, ఏవి తేలుతాయి అన్నది పాఠం. నల్లబల్ల మీద రెండు మాటలు రాశాను. "చెక్క తేలుతుంది. ఇనుము మునుగుతుంది." పిల్లలందరూ గొంతు కలిపి చదివారు. ఒక పాప మాత్రం లేచి నిలబడింది.

"కాదు టీచర్. మా అమ్మ అంట్లు తోమేటప్పుడు ఇనప మూకుడు తొట్లో తేలుద్ది. నేను చూశాను" అంది.

నేను ఏమన్నానో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. "పుస్తకంలో అలా లేదు. కూచో" అన్నాను. పిల్లలు పకపకా నవ్వారు. వెనక నుంచి ఎవడో "అబద్ధాలు చెప్తోంది" అన్నాడు. నేను వాణ్ణి కూడా ఆపలేదు. గంట కొట్టేలోపల పాఠం అయిపోవాలన్న తొందర నాది.

పాప కూచుంది. మర్నాడు కూడా వచ్చింది. కానీ ఏం అడిగినా తల వంచుకునేది. రెండు వారాలు ఆ పిల్ల నోట మాట రాలేదు. తర్వాత బడికి రావడమే మానేసింది.

ఒక రోజు పొద్దున్నే వాళ్లమ్మ వచ్చింది. చంకలో మూకుడు ఉంది.

"మా పిల్ల బడికి రానంటోంది టీచరమ్మా. అబద్ధాలకోరు అంటున్నారంట. నాకు చదువు రాదు. మీకు తెలిసినంత నాకు తెలీదు. కానీ ఒక్కసారి ఇది చూడండి" అంది.

బడి పంపు దగ్గర నీళ్ల తొట్టి ఉంది గదా. ఆమె మూకుణ్ణి మెల్లగా నీళ్ల మీద పెట్టింది. తేలింది. గాలికి పడవలాగా అటూ ఇటూ తిరిగింది కూడా. అప్పుడు ఆమె వేలితో అంచు నొక్కింది. లోపలికి నీళ్లు వచ్చాయి. బుడుంగుమని మునిగిపోయింది.

"మునగడమూ నిజమే, తేలడమూ నిజమే. మా పిల్ల చూసిందే చెప్పింది" అంది.

ఆ రోజే పాపను పిలిపించాను. తరగతినంతా తొట్టి చుట్టూ నిలబెట్టాను. పాప తన చేతులతో మూకుణ్ణి తేల్చి చూపించింది. తప్పు నాదని పిల్లలందరి ముందు చెప్పాను. ఇప్పుడు ఆ పాప మూడో తరగతి. వాళ్లమ్మ మన కేంద్రంలోనే చదువుకుంటోంది. పేరు చెప్పొద్దంది. ఎవరో మీకు తెలుసు. అలా వెనక్కి తిరిగి చూడకండి, పాపం సిగ్గుపడుతోంది.

నేను ఎక్కడ తప్పాను? ఇదిగో, ఈ బంకమన్ను ముద్ద చూడండి. గిన్నెలో నీళ్లు ఉన్నాయి. ముద్దను వేస్తున్నాను. మునిగింది. ఇప్పుడు అదే ముద్దను తీసి, వేళ్లతో పలచగా ఒత్తి, చిన్న దొన్నెలాగా చేస్తున్నాను. నీళ్ల మీద పెడుతున్నాను. చూడండి, తేలుతోంది. మన్ను అదే. బరువు అదే. రూపం మారింది. ముద్ద కొంచెం చోటే తీసుకుంటుంది. అందుకని కొంచెం నీళ్లనే పక్కకు నెడుతుంది. దొన్నె ఎక్కువ చోటు తీసుకుంటుంది. ఎక్కువ నీళ్లను నెడుతుంది. ఎన్ని ఎక్కువ నీళ్లు పక్కకు జరిగితే, నీళ్లు దాన్ని అంత గట్టిగా పైకి తోస్తాయి. ఓడలు తేలేది కూడా ఇలాగే. 1948లో విశాఖపట్నంలో కట్టిన జల ఉష అనే ఓడను నెహ్రూ గారు నీళ్లలోకి దింపారు. అది ఉక్కు ఓడ. ఉక్కు అంటే ఇనుమే గదా. మేకు మునుగుతుంది, ఓడ తేలుతుంది.

నేను ఇనుము గురించి చెప్పాను. పాప మూకుడు గురించి చెప్పింది. వస్తువు వేరు. ఆ వస్తువును దేనితో చేశారో అది వేరు. పుస్తకంలో దాన్ని పదార్థం అంటారు. గరిట వస్తువు. చెక్క, స్టీలు పదార్థాలు. ఈ తేడా చిన్నపిల్లలకు వెంటనే అందదు. "ఇది దేనితో చేశారు?" అని గరిట చూపిస్తే, "గరిట" అనే చెప్తారు. అది మొద్దుతనం కాదు. మనం ఎప్పుడూ వాళ్లను ఆ ప్రశ్న అడగలేదు, అంతే.

అందుకని ఇంట్లో ఏది చేతికొచ్చినా పిల్లల్ని ఇలా అడగండి. ఇది ఏమిటి? దేనితో చేశారు? దానితోనే ఎందుకు చేశారు? మొదటి రెండు ప్రశ్నలకు మూడేళ్ల పిల్లలు కూడా చెప్తారు. మూడో ప్రశ్న దగ్గరే అసలు చదువు ఉంది.

మూడో ప్రశ్న పిల్లలకు కష్టంగా ఉంటే తిరగేసి అడగండి. బెల్లంతో గొడుగు చేస్తే ఏమవుతుంది? గుడ్డతో బిందె చేస్తే? గాజుతో సుత్తి చేస్తే? కాగితంతో చెప్పులు కుట్టి వానలో నడిస్తే? చూశారా, మీరే నవ్వుతున్నారు. పిల్లలు ఇంకా నవ్వుతారు. మా ఒకటో తరగతి పిల్లాడు ఒకడు "బెల్లం గొడుగైతే వాన పడినప్పుడు నాలిక చాపుకుని నడవొచ్చు" అన్నాడు. వాడికి ఆ రోజు అర్థమైంది, బెల్లం నీళ్లలో కరుగుతుందని, గొడుగుకు కరగని గుడ్డ కావాలని. నేను ఒక్క ముక్క చెప్పలేదు.

ఇప్పుడు మీ వంటింటికి వద్దాం. నిజానికి ఈ పాఠం నాకన్నా మీకే బాగా వచ్చు.

ఇవి రెండు గరిటెలు. ఒకటి స్టీలుది. ఒకటి చెక్కది. నెల్లూరు జిల్లా ఉదయగిరిలో చెక్కతో గరిటెలు, చెంచాలు చేస్తారు. అక్కడి పని చాలా పేరున్న పని. స్టీలు గరిటె మరిగే కూరలో వదిలేసి, కాసేపాగి పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది. చెక్క గరిటె అయితే ఏమీ కాదు. ఎందుకు? లోహం వేడిని ఈ చివర నుంచి ఆ చివరకు మోసుకుపోతుంది. చెక్క అంత తేలిగ్గా మొయ్యదు. పుస్తకాల్లో ఉష్ణవాహకం అని ఒక పెద్ద మాట ఉంటుంది. ఉష్ణం అంటే వేడి. వాహకం అంటే మోసేది. మాట పెద్దదే గానీ విషయం మీ గరిటెలోనే ఉంది.

దీన్ని పిల్లలకు చూపించొచ్చు. రెండు గరిటెల కాడల మీద, ఒకే ఎత్తులో, పేరిన నెయ్యి చిన్న చుక్క పెట్టండి. నెయ్యిలో ఒక శనగ గింజ అంటించండి. రెండు గరిటెలనూ వేడినీళ్ల గిన్నెలో నిలబెట్టండి. గింజలు నీళ్లకు కాస్త పైన ఉండాలి. వేడినీళ్ల పని మాత్రం మీరే చెయ్యండి. పిల్లల్ని దూరంగా కూచోబెట్టి, "ఏ గింజ ముందు పడుతుంది?" అని అడగండి. ముందు వాళ్లు ఊహించాలి. తర్వాత చూడాలి. ఊహ తప్పితే ఎగతాళి చెయ్యకూడదు. స్టీలు గరిటె మీద గింజ ముందు జారి పడుతుంది.

వేడిని మోయడంలో లోహాలన్నీ ఒకటి కాదు. రాగి చాలా తొందరగా మోస్తుంది. స్టీలు నెమ్మది. అందుకే కొన్ని స్టీలు గిన్నెలకు అడుగున రాగి పూత పూస్తారు. మంట ఒకచోటే తగిలినా వేడి అడుగంతా పరుచుకుంటుంది. అడుగంటడం తగ్గుతుంది.

మసిగుడ్డ సంగతి అడుగుతాను. పొడి మసిగుడ్డతో గిన్నె దింపితే చెయ్యి కాలదు. తడి మసిగుడ్డతో దింపితే కాలుతుంది. ఇది మీకందరికీ తెలుసు. కారణం ఎవరైనా చెప్తారా? గుడ్డ పోగుల మధ్య గాలి ఉంటుంది. గాలి వేడిని సులువుగా మొయ్యదు. గుడ్డ తడిస్తే గాలి పోయి, ఆ చోట్లో నీళ్లు చేరతాయి. నీళ్లు వేడిని చేతి దాకా తెస్తాయి. చలికాలంలో ఒక మందపాటి దుప్పటి కన్నా రెండు పలచటి దుప్పట్లు వెచ్చగా ఉండేదీ అందుకే. రెండింటి మధ్యా గాలి నిలుస్తుంది.

మధ్యలో ఒక మాట. పిల్లలకు చెయ్యి కాలితే టూత్‌పేస్టు, సిరా, నెయ్యి రాయకండి. ఇరవై నిమిషాల సేపు ధారగా మామూలు చన్నీళ్లు పొయ్యండి. ఐసు పెట్టకండి. బొబ్బలు చిదపకండి. ఎక్కువ కాలితే ఆస్పత్రికి తీసుకెళ్లండి.

ఇక కుండ. పోయిన వారం ఇక్కడే నేను "మట్టి చల్లనిది, అందుకే కుండలో నీళ్లు చల్లగా ఉంటాయి" అన్నాను. ముందు వరసలో కూచున్న పెద్దమ్మ వెంటనే పట్టుకుంది. "మట్టి చల్లనిదైతే మా మట్టి పొయ్యి ఎందుకమ్మా అంత కాలుద్ది?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఇంటికెళ్లి పుస్తకాలు తిరగేశాను. పెద్దమ్మ అన్నదే నిజం.

కుండకు కంటికి కనపడని సన్నటి చిల్లులు ఉంటాయి. నీళ్లు వాటిలోంచి బయటికి చెమరుస్తాయి. ఆ తడి ఆవిరై గాలిలో కలుస్తుంది. ఆవిరి కావాలంటే వేడి కావాలి. ఆ వేడిని కుండలోంచే తీసుకుంటుంది. అందుకని లోపలి నీళ్లు చల్లబడతాయి. మనకు చెమట పట్టినప్పుడు గాలి వీస్తే ఎంత హాయిగా ఉంటుంది? కుండకు కూడా అంతే. పాత కుండలో నీళ్లు అంత చల్లగా ఉండవు. నీళ్లలోని ఉప్పులు, మడ్డి పేరుకుని ఆ చిల్లులు పూడిపోతాయి. కుండకు బయట రంగు వేసినా అంతే. అందానికి రంగు వేస్తే చల్లదనం పోతుంది.

కుండ లేకపోతే స్టీలు బిందెకు తడి గుడ్డ చుట్టి, గాలి తగిలే చోట నీడలో పెట్టండి. అదీ చల్లబడుతుంది. అంటే చల్లదనం మట్టిలో లేదు, తడి ఆరడంలో ఉంది. ఇది పిల్లలతో చేయించండి. ఒక గ్లాసుకు తడి గుడ్డ చుట్టాలి. ఇంకో గ్లాసుకు చుట్టకూడదు. గంట తర్వాత రెండింట్లోనూ వేలు పెట్టి చూడమనండి.

దీని మీద ఒక పిల్ల తిరుగు ప్రశ్న వేసింది. "ఫ్రిజ్జు నీళ్లు పోస్తే స్టీలు గ్లాసు కూడా బయట చెమరుస్తుంది గదా టీచర్, స్టీలుకు కూడా చిల్లులున్నాయా?" అంది. మూకుడు పాప కాదు, ఇంకో పిల్ల. ఈసారి నేను కూచో అనలేదు. గ్లాసులో నీళ్లకు పసుపు కలిపి చూద్దాం అన్నాను. కలిపాం. బయట చుక్కలు పసుపు రంగులో రాలేదు. తెల్లటి నీళ్లే. గ్లాసు లోపలి నీళ్లు బయటికి రాలేదన్నమాట. గాలిలో కనపడకుండా తిరిగే నీటి ఆవిరి చల్లటి గ్లాసుకు తగిలి నీళ్లయింది.

మన భాషలో ఒక అందం ఉంది. ఇనుముకు పడితే తుప్పు అంటాం. రాగికి, ఇత్తడికి పడితే చిలుము అంటాం. రెండూ వేరని మన పెద్దవాళ్లకు తెలుసు. తుప్పు ఎర్రగా పొరలు పొరలుగా రాలిపోతుంది. కొడవలిని తినేస్తుంది. చిలుము పచ్చగా, నీలంగా పడుతుంది. చింతపండు పెట్టి తోమితే పోతుంది. చింతపండులోని పులుపు చిలుమును కరిగిస్తుంది. ఒక పాత ఇత్తడి చెంబు ఇచ్చి సగానికే చింతపండు పెట్టి తోమమనండి. పిల్లలు ఆ రెండు సగాలనూ ఊరంతా చూపించి వస్తారు.

చిలుమును కరిగించే పులుపు ఇత్తడిని కూడా కొంచెం కొంచెం కరిగిస్తుంది. ఇత్తడి అంటే రాగి, జింకు కలిపి చేసింది. ఆ రాగి కూరలోకి దిగితే కడుపులో వికారం, వాంతులు వస్తాయి. మా అమ్మమ్మ కళాయి లేని ఇత్తడి గిన్నెలో పులుసు కాచనిచ్చేది కాదు. కళాయి అంటే లోపల వేసే తగరం పూత. మనం సిల్వర్ గిన్నె అని పిలిచేది వెండిది కాదు, అల్యూమినియంది. కొన్నిచోట్ల సత్తు గిన్నె అంటారు. దాన్ని కూడా పులుపూ ఉప్పూ తింటాయి. అందులో పులుసు, పచ్చడి రాత్రంతా నిలవ ఉంచొద్దు. మరి ఊరగాయ జాడీలోనే ఎందుకు పెడతాం? జాడీ కూడా మట్టిదే. కానీ దానికి గాజు లాంటి పూత ఉంటుంది. ఉప్పు, పులుపు దాన్ని ఏమీ చెయ్యలేవు. నూనె బయటికి కారదు. కుండకు చిల్లులు కావాలి, జాడీకి ఉండకూడదు. చూడండి, రెండూ మట్టివే.

తుప్పు గురించి పిల్లలు నాలుగైదు రోజుల్లో నేర్చుకోవచ్చు. మూడు కొత్త మేకులు తీసుకోండి. ఒకటి పొడి గ్లాసులో పెట్టండి. ఒకటి సగం మునిగేలా నీళ్లలో పెట్టండి. ఒకదానికి నూనె బాగా రాసి నీళ్లలో పెట్టండి. రోజూ పొద్దున పిల్లలే చూసి చెప్పాలి. తుప్పు పట్టాలంటే గాలీ కావాలి, నీళ్లూ కావాలి. నూనె రెండింటినీ అడ్డుకుంటుంది. మీరు కత్తిపీటకు నూనె రాసి పెట్టేది అందుకే. మేకులు మొన తేలినవి. పని అయ్యాక లెక్కపెట్టి తీసేసుకోండి.

చెక్క అంటే ఒకటే చెక్క కాదు. ఇది కూడా మీకు నాకన్నా బాగా తెలుసు. కొండపల్లి బొమ్మలకు తెల్లపొణికి కర్ర వాడతారు. తేలిగ్గా, మెత్తగా ఉంటుంది. ఏటికొప్పాక బొమ్మలకు అంకుడు కర్ర. నాగలికీ బండికీ తుమ్మ. తలుపులకు టేకు, వేప. పొయ్యిలోకి మునగ కర్ర తెస్తే మీ అత్తగారు ఏమంటుంది? తుమ్మ అయితే నిప్పులు చాలాసేపు నిలుస్తాయి. మునగ మెత్తటి కర్ర, మంట నిలవదు. ఈ సంగతులన్నీ మీ నోట్లో ఉన్నాయి. పుస్తకంలో ఇంత వివరంగా లేవు. పుల్లలు ఏరేటప్పుడు పక్కన పిల్ల ఉంటే ఇవి చెప్తూ ఏరండి.

చూడ్డం ఒక్కటే కాదు, తాకడం కూడా చదువే. ఇటలీ దేశంలో మరియా మాంటిస్సోరి అనే డాక్టరమ్మ ఉండేవారు. 1907లో రోము నగరంలో కూలీనాలీ చేసుకునే పేదల వాడలో పిల్లల కోసం ఒక బడి తెరిచారు. గరుకు పలకలు, నున్నటి పలకలు, రకరకాల గుడ్డ ముక్కలు పిల్లల చేతికిచ్చి నేర్పేవారు. 1939లో ఆమె మన దేశానికి వచ్చారు. మద్రాసు అడయారులో టీచర్లకు శిక్షణ ఇచ్చారు. మనకు ఆ పలకలు కొనాల్సిన పని లేదు. గోనెపట్టా ముక్క, నూలు గుడ్డ, పట్టు అంచు, ప్లాస్టిక్ కవరు, కొబ్బరి పీచు ఉంటే చాలు. పిల్ల కళ్లకు గంతలు కట్టి ఒక్కొక్కటీ చేతిలో పెట్టండి. "ఎలా ఉంది?" అని అడగండి. గరుకు, నున్న, మెత్తన, బిరుసు, జారుడు అని చెప్తుంది. మాటలు పెరుగుతాయి. ఈ మాటలే రేపు పుస్తకంలో కనబడితే తడుముకోదు.

ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. కళ్లు, చేతులు వాడమంటున్నాను గానీ, నోరు వాడమనడం లేదు. మూడేళ్లలోపు పిల్లలు ఏది దొరికినా నోట్లో పెట్టుకుంటారు. వాళ్లకు చింతగింజలు, గోళీలు, మేకులు ఇవ్వొద్దు. బొమ్మల్లో బొత్తాంలాంటి చిన్న బ్యాటరీలు ఉంటాయి. అవి మింగితే గొంతులో పుండు చేస్తాయి. ఒక్క గంట కూడా ఆగకుండా ఆస్పత్రికి వెళ్లాలి.

ఇంకో సంగతి. ఇది గట్టిగా చెప్తున్నాను. కూల్‌డ్రింకు సీసాలో కిరోసిన్, పురుగుమందు, ఫినాయిల్, బాత్రూం యాసిడ్ పోసి పెట్టకండి. పెద్దవాళ్లం మనమే చూపుతో పోల్చుకోలేం. పిల్లలు సీసాను చూసి తాగుతారు, లోపల ఉన్నదాన్ని చూసి కాదు. ఒకవేళ తాగితే వేలు పెట్టి కక్కించకండి. ఉప్పు నీళ్లు తాగించకండి. సీసాను కూడా పట్టుకుని వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. డాక్టరు సీసా చూస్తే వైద్యం తొందరగా అవుతుంది.

దండెం సంగతి కూడా ఇందులోదే. మన ఊళ్లో చాలామంది బట్టలు ఆరేయడానికి ఇనప తీగ కట్టారు. ఒక కొస కరెంటు స్తంభానికో, మీటరు తీగ పోయే రేకుల కప్పుకో కట్టి ఉంటుంది. వేడిని మోసేవి ఏవో చూశాం గదా. లోహాలు కరెంటును కూడా మోస్తాయి. మీటరు తీగ పైతొడుగు ఒక్కచోట ఒరిసి తెగితే చాలు, దండెం అంతా కరెంటు. పైగా తడి బట్టలు, తడి చేతులు, కింద తడి నేల. వానాకాలంలో ఇలా ఆడవాళ్లు, పిల్లలు పోయిన వార్తలు పేపర్లో చూస్తూనే ఉంటాం. ఇవాళ ఇంటికెళ్లి మీ దండెం చూడండి. ఇనప తీగ తీసేసి నైలాను తాడు కట్టండి. అది కూడా కరెంటు తీగలకు దూరంగా కట్టండి. తాడు తడిస్తే దాన్నీ నమ్మకూడదు. ఎవరికైనా షాకు కొడితే చేత్తో పట్టుకుని లాగకండి. ముందు మెయిన్ ఆపండి. ఆపే వీలు లేకపోతే మీరు పొడి చెక్క మీద నిలబడి, పొడి కర్రతో నెట్టండి. పొడి కర్ర ఎందుకు, ఇనప గొట్టం ఎందుకు కాదు? ఇది పిల్లల్ని అడగండి. గరిటెల ఆట ఆడిన పిల్ల చెప్తుంది.

మీలో కొందరు అంటారు, ఇవన్నీ చెయ్యడానికి తీరిక ఎక్కడిదని. నిజమే. నేను విడిగా తీరిక అడగడం లేదు. అంట్లు తోమేటప్పుడు పిల్ల పక్కన ఉంటుంది. బియ్యం కడిగేటప్పుడు ఉంటుంది. అప్పుడు అది ఏదో అడుగుతుంది. మనం ఏమంటాం? "నోరు ముయ్యి, పని చూడు" అంటాం. నేను తరగతిలో అన్నదీ దాదాపు అదే గదా.

ఇంకొక్క మాట కూడా కోపం తెచ్చుకోకుండా వినండి. అబ్బాయి టార్చిలైటు విప్పితే "మావాడు ఇంజనీరు అవుతాడు" అంటాం. అమ్మాయి విప్పితే "పాడు చేసింది" అని వీపు మీద ఒకటి వేస్తాం. మా ఇంట్లోనూ అంతే జరిగింది. మా తమ్ముడు విప్పిన రేడియో ఇప్పటికీ అటక మీద ఉంది, మళ్లీ బిగించలేదు. నన్ను మాత్రం దాని దగ్గరికి రానివ్వలేదు. మీ అమ్మాయిలకు పాత తాళమో, పాడైన టార్చో ఇచ్చి విప్పుకోనివ్వండి. బ్యాటరీలు ముందే తీసేయండి. కరెంటుకు పెట్టేవి మాత్రం ఎవరికీ ఇవ్వొద్దు.

పిల్ల అడిగినదానికి మీకు జవాబు తెలియకపోతే "తెలీదు, చూద్దాం పద" అనండి. నేనూ ఇప్పుడు అలాగే అంటున్నాను. మొన్న మూకుడు పాప వచ్చి, "టీచర్, ఐసుగడ్డ కూడా నీళ్లే గదా. నీళ్లు నీళ్ల మీద ఎందుకు తేలుతున్నాయి?" అని అడిగింది. జవాబు నాకు తెలుసు. కానీ చెప్పలేదు. ఒక ప్లాస్టిక్ గ్లాసులో సగం దాకా నీళ్లు పోసి, బయట నీళ్ల మట్టం దగ్గర గీత గీశాం. కూల్‌డ్రింకుల కొట్టు ఆయన్ను బతిమాలి ఫ్రిజ్జులో పెట్టించాం. పొద్దున్నే వెళ్లి చూస్తే గడ్డ గీత దాటి పైకి ఉబ్బి ఉంది. పాప చాలాసేపు ఆ గీత వంక చూసింది. "అవే నీళ్లు ఎక్కువ చోటు తీసుకున్నాయి టీచర్. మూకుడు లాగానే" అంది.

వచ్చే గురువారం రాత్రి మళ్లీ కలుద్దాం. ఒక్కొక్కరు ఇంట్లోంచి ఒక వస్తువు తీసుకురండి. మునుగుతుందో తేలుతుందో ముందు పలక మీద రాయాలి. రాశాకే నీళ్లలో వెయ్యాలి. గుమ్మడికాయ తెచ్చినా సరే. బకెట్టు నేను తెస్తాను. మూకుడు ఎవరు తెస్తారో నేను చెప్పక్కర్లేదు.